గుడ్ ఫ్రైడే ప్రయోగం

గుడ్ ఫ్రైడే ప్రయోగం 1962 ఏప్రిల్ 20న అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని బోస్టన్ నగరంలో జరిగిన ఒక శాస్త్రీయ పరీక్ష. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్ష్ ఛాపెల్ అనే ప్రార్థనా మందిరంలో జరిగినందువలన దీనిని మార్ష్ ఛాపెల్ ప్రయోగం అని కూడా అంటారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కొరకు పరిశోధన చేస్తున్న వాల్టర్ పాంకీ అనే వైద్యుడు దీనిని రూపొందించాడు. కొన్ని జాతుల పుట్టగొడుగులలో ఉండే సిలోసైబిన్ అనే రసాయనాన్ని దైవభక్తి కలవారికి, భక్తి నిండిన వాతావరణంలో ఇస్తే వివిధ మతాలకు చెందిన ద్రష్టలు వర్ణించిన అనుభూతి వంటిది కలుగుతుందా అన్నది ఇందులో పరీక్షకు పెట్టిన ప్రశ్న. కలుగుతుందనే పాంకీ తేల్చాడు. అయితే ఆనాడు జరిగినదంతా అతని సిద్ధాంత వ్యాసంలోకి ఎక్కలేదని దాదాపు మూడు దశాబ్దాల తరువాత బయటపడింది. ఈ ప్రయోగంలో తలెత్తిన చిక్కులు నేటికీ ఈ రంగంలోని పరిశోధకులను వదలలేదు.

నేపథ్యం

సిలోసైబిన్ కలిగిన పుట్టగొడుగులను మెక్సికో దేశపు ఆదివాసులు తరతరాలుగా పూజలలోను, రోగనివారణలోను వాడుతూ వచ్చారు. ఆజ్టెక్ ప్రజలు వీటిని దివ్యమైన పుట్టగొడుగు అన్న అర్థం వచ్చే తియోననాకాట్ల్ అనే పేరుతో పిలిచేవారు. స్పెయిను వారి ఆక్రమణ తరువాత క్రైస్తవ మతాధికారులు ఈ ఆచారాన్ని సైతాను ఆరాధనగా భావించి అణచివేశారు. అయినా మారుమూల కొండ ప్రాంతాలలో అది గుట్టుగా నిలిచి ఉన్నది. 1955లో గోర్డన్ వాసన్ అనే అమెరికా బ్యాంకు అధికారి ఓహాకా రాష్ట్రంలోని హువాట్లా అనే ఊరిలో, మజాటెక్ తెగకు చెందిన మరియా సబీనా అనే వైద్యురాలు రాత్రివేళ జరిపిన పూజలో పాల్గొని ఆ పుట్టగొడుగులను తిన్నాడు. 1957లో లైఫ్ పత్రికలో అతను వ్రాసిన వ్యాసం లక్షలాది పాఠకులకు ఈ సంగతిని తెలియజేసింది.

ఆ వ్యాసం వలన ప్రపంచానికి ఒక కొత్త విషయం తెలిసింది గాని మరియా సబీనాకు మేలు జరగలేదు. కొన్నేళ్ళకే విదేశీయులు గుంపులు గుంపులుగా ఆ ఊరికి రాసాగారు. గ్రామస్థులు ఆమెపై ఆగ్రహించారు, ఆమె ఇల్లు కాలిపోయింది. ఈ పుట్టగొడుగులను తమవారు జబ్బుపడిన వారిని బాగుచేయడానికే వాడేవారనీ, కేవలం దేవుణ్ణి చూడాలని వచ్చేవారు తనకు అంతకుముందు తెలియరనీ ఆమె తరువాత చెప్పింది. ఈ చరిత్రను వ్రాసేవారు ఈమె సంగతిని ఒక్క వాక్యంతో దాటివేయడం పరిపాటి. అది న్యాయం కాదు.

ఆ పుట్టగొడుగులలోని క్రియాశీలక పదార్థాన్ని స్విట్జర్లాండులోని శాండోజ్ మందుల సంస్థలో పనిచేసే ఆల్బర్ట్ హాఫ్‌మన్ వేరుచేసి 1958లో ప్రకటించాడు. 1943లో ఎల్ఎస్‌డి ప్రభావాన్ని మొదటిసారిగా తనమీదనే గమనించిన రసాయన శాస్త్రవేత్త ఇతడే. ఈ కోవకు చెందిన పదార్థాలకు సైకెడెలిక్ అనే పేరును హంఫ్రీ ఆస్మండ్ అనే మానసిక వైద్యుడు 1950లలో కల్పించాడు. మనస్సును బయలుపరచేది అని గ్రీకు మూలాలను బట్టి దాని అర్థం.

సన్నాహాలు

హార్వర్డ్‌లో అప్పటికే తిమొతీ లియరీ, రిచర్డ్ ఆల్పర్ట్ అనే మనస్తత్వ శాస్త్ర ఆచార్యులు సిలోసైబిన్‌పై పరిశోధన సాగిస్తున్నారు. పాంకీ ఆ బృందం సహకారంతోనే ప్రయోగాన్ని తలపెట్టాడు. అతను వైద్యుడే గాక క్రైస్తవ మతబోధకుడు కూడా. ఫలితాలను తన సొంత అనుభవం ప్రభావితం చేసిందనే మాట రాకూడదని సిద్ధాంత వ్యాసం ఆమోదం పొందేవరకు తాను సిలోసైబిన్‌ను తీసుకోలేదు.

ముందుగా కొలబద్ద కావాలి. ఒక మనిషికి కలిగినది మార్మికానుభూతి అవునో కాదో దేనినిబట్టి చెప్పాలి? ఇందుకు పాంకీ డబ్ల్యు. టి. స్టేస్ అనే తత్వవేత్త 1960లో ప్రచురించిన గ్రంథాన్ని ఆశ్రయించాడు. స్టేస్ బ్రిటిషు పాలనలోని సింహళంలో రెండు దశాబ్దాలకు పైగా ప్రభుత్వోద్యోగం చేసి, తరువాత అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో బోధించినవాడు. హిందూ, బౌద్ధ, క్రైస్తవ, ఇస్లాం సంప్రదాయాలలోని వర్ణనలను పోల్చి వాటిలోని ఉమ్మడి లక్షణాలను వెలికితీశాడు. వాటి ఆధారంగా పాంకీ తొమ్మిది లక్షణాల పట్టికను సిద్ధపరచాడు. అన్నీ ఒకటేనన్న ఏకత్వ భావన, దేశకాలాలను దాటిపోవడం, గాఢమైన ఆనందం, పవిత్రతా భావం, తాను చూసినదే పరమసత్యమన్న నిశ్చయం, పరస్పర విరుద్ధమైనవి ఒకేసారి నిజమని తోచడం, మాటలకు అందకపోవడం, కొద్దిసేపే నిలవడం, ఆ తరువాత నడవడిలో మిగిలిపోయే మంచి మార్పు అనేవి అవి. ఉపనిషత్తులతో పరిచయం ఉన్నవారికి వీటిలో చాలా లక్షణాలు కొత్తవిగా అనిపించవు.

బోస్టన్ సమీపంలోని యాండోవర్ న్యూటన్ క్రైస్తవ వేదాంత కళాశాలకు చెందిన 20 మంది విద్యార్థులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. వారిని సరిసాటి జోడీలుగా కూర్చి, ప్రతి జోడీలో ఒకరికి 30 మిల్లీగ్రాముల సిలోసైబిన్, మరొకరికి నికోటినిక్ ఆమ్లం ఇవ్వాలని నిర్ణయించారు. నికోటినిక్ ఆమ్లం బి విటమినులలో ఒకటి. ఎక్కువ మోతాదులో తీసుకుంటే ముఖం ఎర్రబడి, ఒళ్ళు వేడెక్కి, చర్మం చిమచిమలాడుతుంది గాని మనస్సుపై చెప్పుకోదగిన ప్రభావం ఉండదు. ఏమీ చేయని ఉత్తుత్తి మందు ఇస్తే ఎవరికి ఏది అందిందో వెంటనే తెలిసిపోతుందని భావించి, ఏదో ఒకటి జరుగుతున్నట్లు తోపించే మందును పాంకీ ఎంచుకున్నాడు. ఎవరు ఏ మందు తీసుకున్నారో పుచ్చుకున్నవారికి గాని, దగ్గర ఉండి కనిపెట్టేవారికి గాని తెలియకుండా ఏర్పాటు జరిగింది. దీనినే డబుల్ బ్లైండ్ పద్ధతి అంటారు.

నలుగురేసి విద్యార్థులకు ఇద్దరు చొప్పున పదిమంది మార్గదర్శకులు ఉన్నారు. వారిలోను సగం మందికి తక్కువ మోతాదులో సిలోసైబిన్ ఇచ్చారు. ఇది తరువాత విమర్శలకు గురైంది. కనిపెట్టి ఉండవలసిన వ్యక్తి తానే మత్తులో ఉండటం ఏమిటన్న ప్రశ్నకు సరైన సమాధానం లేదు. ఆ మార్గదర్శకులలో ప్రపంచ మతాలపై ప్రసిద్ధ గ్రంథం వ్రాసిన ఆచార్య హ్యూస్టన్ స్మిత్ ఒకడు. అమెరికాలో రామకృష్ణ సంప్రదాయానికి చెందిన స్వామి సత్ప్రకాశానంద వద్ద వేదాంతం అభ్యసించినవాడు ఇతడు.

ఆనాడు జరిగినది

ప్రధాన మందిరంలో గుడ్ ఫ్రైడే ఆరాధనను హోవర్డ్ థర్మన్ నిర్వహించాడు. నల్లజాతికి చెందిన ఈ మతాచార్యుడు 1936లో భారతదేశ పర్యటనలో మహాత్మా గాంధీని కలుసుకొని అహింసను గురించి సుదీర్ఘంగా చర్చించినవాడు. మార్టిన్ లూథర్ కింగ్ వంటి వారిపై ఇతని ప్రభావం ఎంతో ఉన్నది. ప్రయోగంలో పాల్గొన్నవారు నేలమాళిగలోని చిన్న ప్రార్థనా గదిలో కూర్చుండగా, పైన జరుగుతున్న ఆరాధన అంతా మైకుల ద్వారా వారికి వినిపించింది. ప్రసంగం, సంగీతం, ప్రార్థన, మౌనధ్యానం కలిపి రెండున్నర గంటలపాటు సాగింది.

మొదట విటమిను పుచ్చుకున్నవారికే ఒళ్ళు వేడెక్కింది. అసలు మందు తమకే అందిందని వారిలో కొందరు సంబరపడ్డారు. ఆ భ్రమ ఎంతోసేపు నిలవలేదు. కొద్దిసేపటికి మిగిలిన పదిమందిలో మార్పు మొదలైంది. కొందరు నేలమీద పడుకున్నారు, కొందరు లేచి గదిలో తిరిగారు, కొందరు తమలో తాము గొణుక్కున్నారు. విటమిను వారు బల్లల మీద బుద్ధిగా కూర్చుని వీరిని చూస్తూ ఉండిపోయారు. గది అంతటా ఎవరు ఏది పుచ్చుకున్నారో ఎవరూ చెప్పనక్కరలేకుండానే అందరికీ అర్థమైపోయింది. ఎంతో శ్రద్ధగా అమర్చిన గోప్యత ఆరాధన ముగియకముందే చెదిరిపోయింది.

ఫలితాలు

పాల్గొన్నవారి మాటలను వెంటనే టేపులో నమోదు చేశారు. తరువాత వ్రాతపూర్వక కథనాలను, ప్రశ్నావళులకు సమాధానాలను సేకరించారు. ఆరు నెలల తరువాత మరొకసారి ప్రశ్నించారు. సిలోసైబిన్ తీసుకున్న పదిమందిలో ఎనిమిది మంది, తొమ్మిది లక్షణాలలో కనీసం ఏడింటిని అనుభవించినట్లు పాంకీ తెలిపాడు. జోడీలవారీగా పోల్చి చూసినప్పుడు విటమిను తీసుకున్నవారిలో ఒక్కరు కూడా తన జోడీని మించలేదు. 1963లో హార్వర్డ్‌కు సమర్పించిన సిద్ధాంత వ్యాసంలో ఈ వివరాలు ఉన్నాయి.

వ్యాసంలో లేని సంఘటన

సిలోసైబిన్ తీసుకున్నవారిలో ఒక విద్యార్థి ఆరాధన మధ్యలో మందిరం విడిచి వీధిలోకి వెళ్ళిపోయాడు. క్రీస్తు శాంతిరాజ్యం రాబోతున్నదని లోకానికి చాటవలసిన బాధ్యత తనపై పడినట్లు అతనికి తోచింది. హ్యూస్టన్ స్మిత్, మరికొందరు వెంటపడి అతనిని వెనుకకు తీసుకువచ్చారు. అతను శాంతించకపోవడంతో థోరజైన్ అనే మత్తు కలిగించే మందును ఇంజక్షన్‌గా ఇవ్వవలసివచ్చింది. ఈ ఇంజక్షన్ ప్రసక్తి పాంకీ వ్యాసంలో ఎక్కడా లేదు.

ఈ సంగతి 1991లో రిక్ డాబ్లిన్ ప్రచురించిన పరిశోధన పత్రం ద్వారా లోకానికి తెలిసింది. సైకెడెలిక్ మందుల వైద్య వినియోగం కోసం 1986లో ఒక సంస్థను స్థాపించిన డాబ్లిన్, అంటే ఈ మందుల పక్షాన నిలిచిన వ్యక్తి, ఆనాటి 20 మందిని వెదికి పట్టుకోవడానికి పూనుకొని వారిలో 16 మందితో మాట్లాడాడు. సిలోసైబిన్ తీసుకున్నవారిలో ఏడుగురు, విటమిను తీసుకున్నవారిలో తొమ్మిదిమంది అందులో ఉన్నారు. పావు శతాబ్దం గడిచినా ఆనాటి అనుభవం నిజమైన ఆధ్యాత్మిక అనుభవమేననీ, తమ జీవితంలో అది మిగిలి ఉందనీ ఆ ఏడుగురూ చెప్పారు. విటమిను వారిలో ఎక్కువమందికి ఆ ఆరాధన సరిగా గుర్తు కూడా లేదు. తనకు మేలు కలిగిందన్న ఒకే ఒక్కడు, వీలు దొరకగానే తానూ ఆ మందును తీసుకోవాలని ఆ రోజు నిశ్చయించుకోవడమే ఆ మేలు అన్నాడు.

అదే సమయంలో డాబ్లిన్ మరొక వాస్తవాన్ని కూడా బయటపెట్టాడు. సిలోసైబిన్ తీసుకున్నవారిలో చాలామంది ఆ రెండున్నర గంటలలో ఏదో ఒక దశలో చనిపోతున్నామనో, పిచ్చెక్కుతున్నదనో తీవ్రమైన భయానికి లోనయ్యారు. పాంకీ వ్యాసం చదివినవారికి ఆ అనుభవం ఆసాంతం ఆనందమయమనే అభిప్రాయం కలుగుతుంది. అతను కావాలని దాచాడా, చిన్న విషయమనుకున్నాడా అని అడిగి తెలుసుకునే అవకాశం అప్పటికే లేదు. పాంకీ 1971లో సముద్రంలో స్కూబా డైవింగు చేస్తూ మరణించాడు. అప్పటికి అతని వయస్సు 40 ఏళ్ళు.

నిషేధం, పునరుద్ధరణ

ప్రయోగం జరిగిన మరుసటి ఏడే లియరీ, ఆల్పర్ట్ ఇద్దరినీ హార్వర్డ్ తొలగించింది. లియరీ ప్రచారకుడుగా మారాడు. ఆల్పర్ట్ 1967లో భారతదేశానికి వచ్చి నీమ్ కరోలీ బాబాకు శిష్యుడై రామ్ దాస్‌గా పేరుపొందాడు. 1970లో అమెరికా చట్టం, 1971లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ఈ పదార్థాలను అత్యంత కఠినమైన ఆంక్షల జాబితాలో చేర్చాయి. తరువాత చాలాకాలం మనుషులపై పరిశోధన దాదాపు నిలిచిపోయింది.

2006లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రోలాండ్ గ్రిఫిత్స్ బృందం ప్రచురించిన పత్రంతో పరిస్థితి మారింది. ఇది ఒక విధంగా పాంకీ ప్రయోగాన్ని మరింత కట్టుదిట్టంగా మళ్ళీ చేయడమే. అంతకుముందు ఇటువంటి మందులు ఎరుగని 36 మంది ఇందులో పాల్గొన్నారు. విటమినుకు బదులు మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజకాన్ని పోలిక కోసం వాడారు. గుంపుగా గాక ఒక్కొక్కరిని వేరు వేరు రోజులలో, కళ్ళకు గంతలు కట్టి, సంగీతం వినిపిస్తూ, అనుభవజ్ఞులైన ఇద్దరి పర్యవేక్షణలో ఉంచారు. రెండు నెలల తరువాత అడిగినప్పుడు సుమారు మూడింట రెండు వంతుల మంది, తమ జీవితంలోని అతి ముఖ్యమైన ఐదు అనుభవాలలో ఇది ఒకటి అన్నారు. తొలి బిడ్డ పుట్టుకతోను, తల్లిదండ్రుల మరణంతోను దీనిని పోల్చినవారున్నారు. దాదాపు మూడోవంతు మంది తీవ్రమైన భయాన్ని కూడా అనుభవించారు. ఈసారి ఆ భయం సంగతి పత్రంలోనే ఉన్నది. గ్రిఫిత్స్ 2023లో మరణించాడు.

చికిత్సగా

2016లో జాన్స్ హాప్కిన్స్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాలు విడివిడిగా, ప్రాణాంతకమైన క్యాన్సరు వలన కుంగుబాటుకు, మరణభయానికి గురైన రోగులపై చేసిన అధ్యయనాలను ప్రచురించాయి. మొదటిదానిలో 51 మంది, రెండవదానిలో 29 మంది పాల్గొన్నారు. ఒక్క మోతాదు తరువాత చాలామందిలో ఆందోళన తగ్గి నెలల తరబడి ఆ స్థితి నిలిచింది. ఎవరికి మార్మికానుభూతి బలంగా కలిగిందో వారికే మేలు కూడా ఎక్కువగా జరిగినట్లు ఈ అధ్యయనాలలో కనిపించింది. రోగం నయం కావడం లేదు, ఆయుర్దాయం పెరగడం లేదు. మారినది చావును చూసే చూపు మాత్రమే.

మామూలు మందులకు లొంగని కుంగుబాటుపై 2022లో వెలువడిన 233 మంది రోగుల అధ్యయనం మరింత పెద్దది. మూడు వారాల తరువాత 25 మిల్లీగ్రాములు తీసుకున్నవారిలో 37 శాతం మందికి, ఒకే ఒక్క మిల్లీగ్రాము తీసుకున్నవారిలో 18 శాతం మందికి గుణం కనిపించింది. పన్నెండు వారాల వరకు ఆ గుణం నిలిచినది 25 మిల్లీగ్రాముల వారిలో 20 శాతం మందిలో మాత్రమే. కొందరిలో ఆత్మహత్య తలపులు కూడా కనిపించాయి. పత్రికలు అద్భుతమని వర్ణించిన మందుకు ఇవి గొప్ప అంకెలు కావు. అయినా ఏ మందూ పనిచేయని రోగులలో వచ్చిన ఫలితాలు గనుక తీసివేయదగినవీ కావు.

గోప్యత అనే చిక్కు

మార్ష్ ఛాపెల్ నేలమాళిగలో ఎదురైన ఇబ్బంది ఈ పరిశోధనలన్నింటినీ వెంటాడుతున్నది. జ్వరం మందును, సుద్దముక్కతో చేసిన మాత్రను రోగి గుర్తుపట్టలేడు. సిలోసైబిన్‌ను గుర్తుపట్టకుండా ఉండటం దాదాపు అసాధ్యం. తనకు అసలు మందు అందిందని తెలిసిన రోగి నయమవుతుందని ఆశపడతాడు, ఉత్తుత్తి మందు అందిందని తెలిసినవాడు నిరాశపడతాడు. కుంగుబాటు వంటి జబ్బులో ఆశనిరాశలే ఫలితాన్ని మార్చగలవు. అప్పుడు రెండు గుంపుల మధ్య కనిపించే తేడాలో మందు వాటా ఎంత, ఆశ వాటా ఎంత అని విడదీయడం కష్టం.

2024 ఆగస్టులో ఎండిఎంఎ అనే మరొక మందుతో చేసే చికిత్సకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిరాకరించింది. పాల్గొన్నవారికి తమ మందు ఏదో తెలిసిపోవడం నిపుణులు ఎత్తిచూపిన లోపాలలో ఒకటి. ఆ దరఖాస్తు చేసిన సంస్థ డాబ్లిన్ స్థాపించిన సంస్థ నుండి పుట్టినదే. పాంకీ ప్రయోగంలో గోప్యత నిలవలేదని 1991లో విమర్శించిన వ్యక్తి జీవితకాలపు కృషి అదే గోప్యత దగ్గర చిక్కుపడింది.

చేతన అనే ప్రశ్న

సిలోసైబిన్ శరీరంలో సిలోసిన్‌గా మారి, మెదడు కణాలపై సెరొటోనిన్ కోసం ఉన్న గ్రాహకాలలో 5-హెచ్‌టి2ఎ అనే రకాన్ని ప్రేరేపిస్తుంది. ఆ గ్రాహకాన్ని ముందుగానే కెటాన్సెరిన్ అనే మందుతో మూసివేస్తే మనస్సులో మార్పులు దాదాపు రావని జూరిక్ పరిశోధకులు 1998లో చూపారు. లండను పరిశోధకులు 30 మందిపై జరిపి 2012లో ప్రచురించిన స్కానింగు అధ్యయనంలో, మెదడు కొన్ని ముఖ్య కేంద్రాలలో మరింత చురుకుగా ఉండటానికి బదులు నెమ్మదించినట్లు కనిపించి పరిశోధకులనే ఆశ్చర్యపరచింది. మనిషి ఏ పనీ లేక తన గురించి తాను ఆలోచించుకుంటున్నప్పుడు పనిచేసే ప్రాంతాల సమూహం వాటిలో ఉన్నది. నేను అనే భావన కరిగిపోవడానికి, ఈ నెమ్మదింపుకు సంబంధం ఉందని కొందరి వాదన. ఇది ఇంకా వాదన దశలోనే ఉన్నది.

ఇంతవరకు తెలిసినది ఏ తాళానికి ఏ చెవి అన్నది. మెదడులో జరిగే విద్యుత్ రసాయన క్రియల వెంట అసలు అనుభవం అనేది ఎందుకు ఉండాలన్న ప్రశ్న వేరు. డేవిడ్ ఛామర్స్ అనే తత్వవేత్త 1995లో దీనిని కఠిన సమస్య అని పేర్కొన్నాడు. సైకెడెలిక్ మందులు ఈ సమస్యను పరిష్కరించలేదు. చేతనలో ఏయే మార్పులు సాధ్యమో పరిశోధనశాలలో కోరిన వేళకు చూసే వీలు మాత్రం కల్పించాయి.

పాంకీ పట్టికలోని ఐదవ లక్షణమైన సత్యనిశ్చయం అన్నింటికన్నా క్లిష్టమైనది. పరమసత్యాన్ని చూశానన్న నమ్మకం కలగడం వేరు, చూసినది సత్యం కావడం వేరు. మందిరం నుండి వీధిలోకి వెళ్ళిన విద్యార్థికి కూడా తన సందేశంపై అటువంటి నిశ్చయమే ఉన్నది. మతానుభవాన్ని దాని పుట్టుకనుబట్టి గాక జీవితంలో అది ఇచ్చే ఫలాన్నిబట్టి విలువకట్టాలని విలియం జేమ్స్ 1902లోనే అభిప్రాయపడ్డాడు. ఇందుకు భిన్నంగా ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు ఆర్. సి. జేనర్, మందు వలన కలిగేది ప్రకృతితో ఏకమైన భావనే గాని దైవసాన్నిధ్యం కాదని 1957లో వాదించాడు. మెస్కలిన్ అనే మందు పుచ్చుకొని ఆల్డస్ హక్స్‌లీ 1954లో వ్రాసిన పుస్తకానికి అది సమాధానం.

భారతీయ గ్రంథాలలో ఈ చర్చకు దగ్గరగా ఉన్న ఒక ప్రస్తావన పతంజలి యోగసూత్రాలలోనిది. సిద్ధులు కలిగే ఐదు మార్గాలలో జన్మ, మంత్రం, తపస్సు, సమాధులతో పాటు ఓషధిని కూడా నాలుగవ పాదం మొదటి సూత్రం లెక్కించింది. అయితే సిద్ధులు సమాధికి అడ్డంకులని అదే గ్రంథం మూడవ పాదంలో హెచ్చరించడాన్ని ఈ సూత్రాన్ని ఉదహరించేవారు తరచు మరచిపోతారు. వేదాలలోని సోమం ఒక రకమైన ఎర్రని విషపు పుట్టగొడుగు అని వాసన్ 1968లో ప్రతిపాదించాడు. ఆ పుట్టగొడుగులో ఉండేది సిలోసైబిన్ కాదు. పైగా ఈ ప్రతిపాదనను ఎక్కువమంది వేదపండితులు అంగీకరించలేదు.

చట్టపరమైన స్థితి

భారతదేశంలో సిలోసైబిన్, ఎల్ఎస్‌డి రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం పరిధిలోకి వస్తాయి. వీటిని కలిగి ఉండటం శిక్షార్హమైన నేరం. ఆస్ట్రేలియా 2023 జూలై 1 నుండి, ప్రత్యేక అనుమతి పొందిన మానసిక వైద్యులు మందులకు లొంగని కుంగుబాటుకు సిలోసైబిన్‌ను సూచించడానికి వీలు కల్పించింది. పరిశోధనలలో స్కిజోఫ్రీనియా వంటి జబ్బులు తమలో గాని, దగ్గరి రక్తసంబంధీకులలో గాని ఉన్నవారిని సాధారణంగా చేర్చుకోరు. ప్రచురితమైన ఫలితాలన్నీ ఆ విధంగా వడపోసిన వారివే.